యుద్ధం ముగిశాక మొదలయ్యే కథలు

2026 జనవరిలో జపాన్ నుంచి రెండు పెద్ద యానిమే సిరీస్‌లు కొత్త సీజన్లతో తిరిగొచ్చాయి. రెండింటిదీ ఒకటే ప్రశ్న: పోయినవాళ్లకు మిగిలినవాళ్లు ఏం బాకీ? హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంకు ఈ ప్రశ్న కొత్త కాదు.

టోక్యోలో అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి హుస్సేనీ ఆలంలో రాత్రి ఎనిమిదిన్నర. జపాన్‌లో పిల్లలు నిద్రపోయాక టీవీలో వేసే యానిమే, పాతబస్తీలో దుకాణాల షట్టర్లు ఇంకా దించకముందే ఫోన్లలోకి వచ్చేస్తోంది. ‘జుజుత్సు కైసెన్’ మూడో సీజన్ జనవరి 8న మొదలైంది. జపాన్ టీవీలో అది వచ్చే వేళ మనకు గురువారం రాత్రి తొమ్మిదికి నాలుగు నిమిషాల తక్కువ. ‘ఫ్రీరెన్’ రెండో సీజన్ 16న మొదలైంది. దానిది శుక్రవారం రాత్రి ఏడున్నర.

యానిమేకు ఏడాదికి నాలుగు కార్తెలు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్. ఒక్కో కార్తెలో పదుల కొద్దీ సిరీస్‌లు మొదలవుతాయి. చాలావాటికి పన్నెండు, పదమూడు ఎపిసోడ్లే ఉంటాయి. మూడు ఎపిసోడ్లు చూశాకే ఉండాలో, వదిలేయాలో తేల్చుకోవాలన్నది అభిమానుల మధ్య పాత ఆనవాయితీ. ఇది రాసేనాటికి ‘జుజుత్సు’ ఆ గడప దాటింది, ‘ఫ్రీరెన్’ ఇంకా దాటలేదు. అయినా ఈ రెంటి గురించి ఇప్పుడే చెప్పుకోవాల్సింది ఉంది. ఎందుకంటే పెద్ద యుద్ధం అయిపోయాకే ఈ రెండు కథల్లోనూ అసలు కథ మొదలవుతుంది.

ఇరవై ఏళ్ల దూరం, ఒక్క రాత్రికి

తెలుగు ప్రేక్షకుడికీ జపాన్ బొమ్మలకూ మధ్య దూరం ఎలా తగ్గిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యూగో సాకో అనే జపాన్ దర్శకుడు మన దేశంలోని తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి, రామాయణం మీద మనసు పడ్డాడు. భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కయిన రామ్ మోహన్‌తో కలిసి ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ తీశాడు. 1993లో ఢిల్లీ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించిన ఆ సినిమా తెలుగు మాటలతో థియేటర్లకు చేరింది 2025 జనవరిలో. ఆ కొత్త విడుదలకు మన రచయిత వి. విజయేంద్రప్రసాద్ చేయి కూడా తోడైంది.

‘నరుటో’ జపాన్ టీవీలో 2002 అక్టోబర్‌లో మొదలైంది. సోనీ యాయ్ చానల్లో తెలుగులో వినిపించింది 2022లో. అంటే ఇరవై ఏళ్లు. ఆ తర్వాత వేగం పెరిగింది. 2024లో ‘సోలో లెవెలింగ్’ క్రంచీరోల్‌లో తెలుగు మాటలతో వచ్చింది. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ 2025 జులై 18న జపాన్‌లో విడుదలైతే, సెప్టెంబర్ 12న మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. మధ్యలో ఎనిమిది వారాలే. ఇప్పుడు జపనీస్ మాటలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుకోగలిగినవాళ్లకు ఆ ఎనిమిది వారాలు కూడా లేవు. టోక్యో కుర్రాడు చూసిన రాత్రే పాతబస్తీలోని మూసాబౌలి కుర్రాడూ చూస్తున్నాడు.

మరవకుండా ఉండటమే సాహసం

హుస్సేనీ ఆలం అంటే చార్మినార్‌కు పడమర దిక్కున, చౌమహల్లా వెనుక గల్లీల్లో అల్లుకున్న పేట. ఇక్కడి ఆషూర్‌ఖానాలో నిలిపే అలమే (పవిత్ర ధ్వజచిహ్నమే) పేటకు పేరైంది. కర్బలాలో అమరులైనవాళ్లను తలుచుకుంటూ ఏటా మొహర్రం నెలలో అలంలను నిలుపుతారు. పాతబస్తీ వీధుల్లో దాహానికి నీళ్లూ షర్బత్తూ పోస్తారు. ఈ స్మరణ ఒక్క మతంలో ఆగలేదు. తెలంగాణ పల్లెల్లో అదే పీర్ల పండుగైంది. అలావు గుంట చుట్టూ హిందువులూ అడుగులేస్తారు, పీర్లకు మొక్కులు చెల్లిస్తారు. దాదాపు పద్నాలుగు శతాబ్దాల కింద ఎక్కడో ఎడారిలో జరిగిన అన్యాయాన్ని ఏటా మళ్లీ మళ్లీ గుర్తు చేసుకునే నేల ఇది.

‘ఫ్రీరెన్’ ఈ నేల మీదివాళ్లకు వెంటనే అర్థమవుతుందని నేను నమ్మేది అందుకే. కానెహితో యమదా రాయగా త్సుకాసా అబే బొమ్మలు గీసిన ఈ మాంగా (జపాన్ బొమ్మల కథ) 2020లో మొదలైంది, 2021లో మాంగా తైషో పురస్కారం అందుకుంది. ఫ్రీరెన్ వెయ్యేళ్లకు పైగా బతికిన మాంత్రికురాలు. వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్, యోధుడు ఐజెన్‌లతో పదేళ్లు నడిచి రాక్షసరాజును ఓడించింది. మామూలు కథయితే అక్కడితో శుభం కార్డు పడుతుంది. ఈ కథ అక్కడ మొదలవుతుంది. యాభై ఏళ్ల తర్వాత ఆమె తిరిగొచ్చేసరికి హిమ్మెల్ ముసలివాడయ్యాడు, కొద్దిరోజుల్లోనే కన్నుమూశాడు. ఆమె లెక్కలో ఆ పదేళ్లు రెప్పపాటు. ఆ రెప్పపాటులో పక్కనే నడిచినవాణ్ని తెలుసుకోనేలేదని సమాధి దగ్గర ఏడుస్తుంది. అప్పటి నుంచి ఆమె ప్రయాణమంతా ఆ మనిషిని ఆలస్యంగా తెలుసుకోవడమే.

దారిలో ఊరూరా హిమ్మెల్ విగ్రహాలు ఎదురవుతాయి. మొదటి సీజన్‌లో పాచిపట్టిన ఒక విగ్రహాన్ని ఆమె శుభ్రం చేసి, దాని చుట్టూ అతని ఊరి నీలిపూలు నాటాలని వాటిని వెతుక్కుంటూ వెళ్తుంది. తనవాళ్లంతా పోయాక ఫ్రీరెన్ ఒంటరి కాకూడదనే హిమ్మెల్ ఆ విగ్రహాలు చెక్కించుకున్నాడని మనకు తర్వాత తెలుస్తుంది.

28 ఎపిసోడ్ల ఆ మొదటి సీజన్ 2024 మార్చిలో ముగిసింది. దాదాపు రెండేళ్ల తర్వాత వచ్చిన కొత్త సీజన్ ఆర్భాటంగా మొదలుకాలేదు. మంత్రం పనిచేయని రాళ్లున్న పాతాళంలో ఫ్రీరెన్, ఆమె శిష్యురాలు ఫెర్న్ చిక్కుకుంటారు. ఇద్దరు మాంత్రికురాళ్ల శక్తీ సున్నా అయిన చోట, తన ధైర్యం మీద తనకే నమ్మకం లేని తోటి ప్రయాణికుడు స్టార్క్ వాళ్లకు దిక్కవుతాడు. తిరిగొచ్చిన పెద్ద సిరీస్ తన మొదటి ఎపిసోడ్‌ను నాయిక బలహీనతకు కేటాయించడం నాకు చాలా నచ్చింది. మాటల మధ్య విరామాలు అలాగే ఉన్నాయి. ఇవాన్ కాల్ సంగీతం ఇప్పటికీ ఎక్కడ ఊరుకోవాలో ఎరిగి నడుస్తోంది.

ఉద్వేగం, అలసట, నేరభావం

‘జుజుత్సు కైసెన్’ది మరో ఉష్ణోగ్రత. గేగే అకుతామి మాంగా 2018లో మొదలై 2024 సెప్టెంబర్‌లో 271 అధ్యాయాలతో పూర్తయింది. చివరికి ఏమవుతుందో చదివినవాళ్లకు ముందే తెలుసు. కాబట్టి ఈ సీజన్‌ను కొలవాల్సింది ఎలా చెప్పారన్న దాంతోనే.

రెండో సీజన్‌లో టోక్యోలోని షిబుయాలో జరిగిన మారణకాండ తర్వాత కథ ఇది. కథానాయకుడు యూజీ ఇతాదోరి ఒంట్లో ఉన్న సుకునా అనే దుష్టశక్తి, అతని చేతులతోనే లెక్కలేనంత మందిని చంపింది. ఆ పాపం తనదేనని యూజీ అనుకుంటాడు. అతనికి మరణశిక్ష అమలు చేయడానికి యూతా ఒక్కోత్సు అనే మాంత్రికుడు వస్తాడు. మొదటి రాత్రి కలిపి వేసిన రెండు ఎపిసోడ్లలో పరుగులూ దెబ్బలూ కళ్లు తిప్పుకోనివ్వవు. అయినా గుర్తుండిపోయేది యూజీ ముఖం. బతికి ఉన్నందుకు సిగ్గుపడే ముఖం అది. దర్శకుడు షోతా గోషోజోనో కెమెరాను ఎంత తిప్పినా ఆ ముఖం దగ్గరకు తిరిగొస్తాడు.

మూడో ఎపిసోడ్ తడబడింది. ‘కల్లింగ్ గేమ్’ అనే చావు ఆటకున్న నియమాలన్నీ వరసపెట్టి చెప్పించారు. మాంగా చదవనివాళ్లకు అవి ఒక్కసారి వింటే తలకెక్కవు. కథను ఆపి పాఠం చెప్పినట్టయింది. నాలుగోది ఆ లోటు తీర్చేసింది. జెనిన్ వంశంలో అడుగడుగునా అవమానాలు పడి పెరిగిన అక్కాచెల్లెళ్లు మాకి, మాయిలది ఆ ఎపిసోడ్. చూడనివాళ్ల కోసం అందులో ఏం జరిగిందో చెప్పను. ఆ ఇంటి మగవాళ్ల అహంకారం మీద తిరగబడిన కోపానికి మూలం ఒక చెల్లెలి ప్రేమ అని మాత్రం చెప్పగలను.

ఒకే మనిషి నాటిన రెండు చెట్లు

ఇంత భిన్నమైన ఈ రెండు సిరీస్‌ల వెనుక ఒకే మనిషి ఉన్నాడు. ‘ఫ్రీరెన్’ తీస్తున్న మ్యాడ్‌హౌస్ స్టూడియోను 1972లో మొదలుపెట్టినవాళ్లలో మసావో మరుయామా ఒకరు. 2011లో, డెబ్బై ఏళ్లకు చేరువైన వయసులో ఆయన బయటికొచ్చి మప్పా స్థాపించారు. ‘జుజుత్సు’ తీస్తున్నది మప్పా. ఒకటి నెమ్మదికీ, ఒకటి వేగానికీ పేరు తెచ్చుకుని ఒకే జనవరిలో పక్కపక్కన నిలిచాయి. ఇరవై నాలుగు నిమిషాల ఒక ఎపిసోడ్‌కు వేల బొమ్మలు గీయాలి. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య రెండేళ్లు పట్టిందని విసుక్కునే ముందు ఆ చేతుల్ని తలుచుకోవాలి.

జ్ఞాపకానికి శ్రమ కావాలన్నది హుస్సేనీ ఆలంలో కంటికి కనిపించే నిజం. ఇక్కడి ఖుర్షీద్ జా దేవిడి పైగా వంశ ప్రభువులది. ఎత్తైన స్తంభాల ఆ భవనం దశాబ్దాలపాటు శిథిలమవుతూ ఉంటే, దాని ముందు మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ పెరిగారు. కూతవేటు దూరంలోని చౌమహల్లాను మాత్రం ఓపికగా బాగుచేశారు, 2010లో యునెస్కో గుర్తింపు దక్కింది. పట్టించుకున్నది నిలిచింది, పట్టించుకోనిది శిథిలమైంది. ఫ్రీరెన్ విగ్రహాన్ని తుడిచే ఘట్టం చెప్పేదీ ఇదే. మరుపు దానంతటదే వస్తుంది, జ్ఞాపకాన్ని ఎవరో ఒకరు పనిగా పెట్టుకుని కాపాడాలి.

తెలుగు గొంతు ఎలా ఉండాలి?

పాతబస్తీలో దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లూ, లాల్ దర్వాజా, గౌలిపురా వైపు తెలుగు ఇళ్లూ ఉన్నాయి. మొహర్రం, బోనాలు రెండూ నడిచే వీధులివి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవలేని అమ్మమ్మ, ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా ఈ కథల్ని చూడాలంటే మంచి డబ్బింగే మార్గం.

అయితే ప్రతి ఖాళీనీ పంచ్ డైలాగుతో నింపే అలవాటు ఇక్కడ పనికిరాదు. యూజీ తడబడే చోట తెలుగులోనూ తడబడాలి. ఫ్రీరెన్ ఊరుకున్న చోట తెలుగూ ఊరుకోవాలి. మన డబ్బింగ్ కళాకారులకు ఆ సత్తా ఉంది. దశాబ్దాలుగా పరభాషా నటుల నవ్వునూ ఏడుపునూ మన ఇంటివిగా మార్చింది వాళ్లే. వాళ్లకు కావాల్సింది సమయం, మంచి మాటల రచయిత, తెరమీద పేరు. ఒక్క రాత్రిలో సిరీస్‌ను ప్రపంచమంతా చేరవేయగల కంపెనీలకు ఈ మూడూ ఇవ్వడం భారం కాదు.

సమయం కొంచెమే ఉన్నవాళ్లకు నా సలహా: ‘ఫ్రీరెన్’ మొదటి సీజన్ నుంచి మొదలుపెట్టండి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ‘జుజుత్సు’ను మాత్రం రక్తపాతం తట్టుకోగల వయసువాళ్లే చూడాలి, అదీ రెండో సీజన్ పూర్తిచేశాకే. ఫైట్లు ఎంత బాగా తీశారో అందరూ చెప్తారు. మీరు ఆ ఫైట్ల తర్వాత మిగిలినవాళ్లను గమనించండి. ఈ సీజన్ అసలు బలం వాళ్లే.