కూలినా విరగని విమానం

తాడేపల్లిగూడెం: గూడెం అనగానే ఇరుగు పొరుగు జిల్లాల వారికి మొదట గుర్తుకొచ్చేది ఉల్లిపాయల మార్కెట్టు. ఆ తరువాత రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ విమానాల కోసం ఇక్కడ ఈ బాట వేయించింది. యుద్ధం ముగిశాక విమానాల రాక ఆగిపోయినా, పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. 2015లో పట్టణానికి నిట్ వచ్చింది. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లూ, అడ్డులేని ఆకాశమూ ఉన్న చోట రేడియోతో నడిచే చిన్న విమానాల మీద మోజు పుట్టడం సహజం.

అయితే ఈ మోజుకు ఆదిలోనే హంసపాదు ఎదురవుతుంది. నెల రోజులు కూర్చుని చేసుకున్న విమానం ఎగిరిన అర నిమిషానికే ముక్కు నేలకు గుద్దుకుని ముక్కలవుతుంది. థర్మోకోల్ రెక్కలైతే అతికించుకోవచ్చు. మోటారు, బ్యాటరీ పాడైతే మళ్లీ కొనవలసిందే. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో చదువుకునే విద్యార్థికి రెండో విమానం అంత తేలిగ్గా చేతికి రాదు. ఉత్సాహం అక్కడితోనే చల్లారిపోతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. అదే ఫ్లైట్ సిమ్యులేటర్. కంప్యూటరు తెర మీద విమానాన్ని నడిపించి నేర్పే ప్రోగ్రాం ఇది. ఇందులో విమానం ఎన్నిసార్లు కూలినా ఒక్క మీట నొక్కితే మళ్లీ కొత్తదై రన్‌వే మీద నిలుస్తుంది.

ఎడమ కుడి అయ్యే చోటు

విమానంలో కూర్చున్న పైలట్‌కు ఎడమ ఎప్పుడూ ఎడమే. నేల మీద నిలబడి నడిపేవాడి సంగతి అలా కాదు. విమానం మన నుంచి దూరంగా పోతున్నంత సేపూ ఇబ్బంది లేదు. మీట కుడికి నెడితే అది కుడికే తిరుగుతుంది. అదే విమానం మలుపు తిరిగి మన వైపు వస్తోందనుకోండి. అప్పుడు మీట కుడికి నెడితే మన కంటికి ఎడమకు వాలుతుంది. మనకు ఎదురుగా నిలబడిన మనిషి కుడి చెయ్యి మనకు ఎడమ వైపున ఉన్నట్టే ఇదీను.

ఈ మాట చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కేమిటంటే, బుద్ధికి తెలిసింది వేళ్లకు తెలియదు. కంగారులో చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది. సరిచేయబోయిన కొద్దీ విమానం మరింత వాలి నేలకూలుతుంది. కొత్తవారి విమానాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. విమానం ఎదురు వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో మీటను ఆ వైపుకే నెట్టాలని అనుభవజ్ఞులు ఒక కిటుకు చెబుతారు. వాలిన రెక్కకు కింద ఆసరా పెట్టినట్టన్న మాట. ఈ కిటుకు ఆలోచించకుండానే చేతికి రావాలంటే వందలసార్లు చేయాలి. ఆ వందసార్లూ నిజం విమానంతో చేయడం ఎవరి తరమూ కాదు.

హార్మోనియం తిత్తి నుంచి

నేల మీదే విమాన విద్య నేర్పే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో బింగ్‌హాంటన్ పట్టణానికి చెందిన ఎడ్విన్ లింక్ అనే యువకుడు 1929లో ఇలాంటి యంత్రం తయారుచేశాడు. తండ్రిది పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం. మన హార్మోనియంలాగే ఆర్గన్‌కూ తిత్తులుంటాయి. ఆ గాలి తిత్తులతోనే ఒక చిన్న డొల్ల విమానాన్ని అటూ ఇటూ వాలేటట్టు చేశాడు. మొదట్లో దాన్ని కొన్నది వినోదశాలల వారు. ఆటబొమ్మ అనుకున్నారు.

1934లో అమెరికా సైన్యానికి తపాలా విమానాలు నడిపే పని అప్పగించారు. మంచులో, మబ్బుల్లో దారి కానక పలువురు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలు ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 5 లక్షల మందికి పైగా వాటి మీద శిక్షణ పొందారు. మన గూడెంలో రన్‌వే వేస్తున్న రోజుల్లోనే ఎక్కడో దూరాన కుర్ర పైలట్లు ఆ డొల్ల విమానాల్లో కూర్చుని మబ్బులు దాటడం నేర్చుకుంటున్నారన్న మాట. ఆటబొమ్మ అనుకున్నది ప్రాణరక్షణ సాధనమైంది.

సాధన ఎలా

చిన్న విమానాల సిమ్యులేటర్‌కు పెద్ద సరంజామా అక్కరలేదు. ఒక కంప్యూటరు, విమానానికి వాడే రిమోట్, రెంటినీ కలిపే తీగ ఉంటే చాలు. రియల్‌ఫ్లైట్ వంటివి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. పికాసిమ్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. కీబోర్డు మీద నేర్చుకుంటే మాత్రం ప్రయోజనం ఉండదు. రేపు మైదానంలో ఏ రిమోట్ పట్టుకుంటామో ఆ మీటల మీదే వేళ్లు అలవాటు పడాలి. ఎక్కువ మంది వాడే ‘మోడ్ 2’ పద్ధతిలో ఎడమ మీట మోటారు వేగాన్ని, తోక చుక్కానిని నడుపుతుంది. కుడి మీట ముక్కును పైకీ కిందికీ, రెక్కలను అటూ ఇటూ వాలుస్తుంది.

మొదట నిదానంగా ఎగిరే, రెక్క పైన ఉన్న శిక్షణ విమానాన్ని ఎంచుకోవాలి. జెట్ విమానాల జోలికి పోరాదు. తిన్నగా పోవడం, ఎత్తు తప్పకుండా తిరగడం వచ్చాక 8 అంకె ఆకారంలో తిప్పాలి. ఈ ఒక్క సాధనలో కుడి మలుపు, ఎడమ మలుపు, దూరం పోవడం, ఎదురు రావడం నాలుగూ ఉన్నాయి. తరువాతది దిగడం. వేగం తగ్గినప్పుడు కంగారుగా ముక్కు పైకెత్తితే రెక్కలకు గాలి పట్టు తప్పి విమానం రాయిలా పడుతుంది. చివరగా తెర మీద గాలి జోరు పెంచి, మోటారు ఆపి దింపడం నేర్చుకోవాలి. ఒకే రోజు నాలుగు గంటలు కూర్చునేకంటే రోజూ ఇరవై నిమిషాలు చేస్తేనే చేతికి పట్టు చిక్కుతుంది.

తెర నేర్పనిది

సిమ్యులేటర్‌లో ఒక చెడుగు కూడా ఉంది. మళ్లీ మొదలుపెట్టే ఆ మీటే మనిషికి నిర్లక్ష్యాన్ని నేర్పుతుంది. తెర మీద చెట్టుకు గుద్దినా, మనిషికి గుద్దినా ఒక్కటే చప్పుడు. నిజంగా కిలో బరువున్న విమానం, తిరుగుతున్న పంకాతో, నడిచి వెళ్లే వారి మీద పడితే తిరిగి మొదలుపెట్టే మీట ఉండదు. అందుకే పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని కూలిన ప్రతిసారీ కారణం రాసుకోవాలి. వరుసగా పది సార్లు క్షేమంగా దింపగలిగాకే మైదానానికి వెళ్లాలని ఎవరికి వారు నియమం పెట్టుకోవడం మంచిది.

బ్యాటరీ సరిగా ఎక్కిందా, రెక్కల మీటలు సరైన వైపుకే కదులుతున్నాయా, బరువు తోక వైపు మొగ్గిందా అన్నవి తెర అడగదు. కళ్లలో ఎండ కొట్టడం, చేతులు వణకడం తెరలో ఉండవు. మన ప్రాంతంలో కొబ్బరిచెట్లు, చేపల చెరువుల గట్ల వెంట కరెంటు తీగలు ఎక్కువ. గాలి నిలకడగా ఉండే ఉదయపు వేళ, జనం లేని చోట, తెలిసిన వారిని పక్కన ఉంచుకుని మొదటిసారి ఎగరేయాలి.

ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికీ వీలు లేదు. 2021 డ్రోన్ నిబంధనలు ఇలాంటి విమానాలకూ వర్తిస్తాయి. ఆకుపచ్చ మండలాల్లో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకే అనుమతి. ప్రభుత్వ పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో ముందే చూసుకోవాలి. ఇక కొల్లేరు సంగతి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు అది. ఆటపాకలో గూడబాతులు పిల్లలను సాకుతుంటే వాటి నెత్తిన మోటారు రొద పెట్టడం ఏ విధంగానూ తగదు.

సరదా ఉపాధి కూడా

పోతే, ఈ విద్య సరదాకే పరిమితం కాదు. వరి చేలల్లో మందు చల్లే డ్రోన్ల మీటలూ ఇవే, ఎదురు వస్తే తికమకా ఇదే. పొదుపు సంఘాల మహిళలకు 15,000 డ్రోన్లు అందించే ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. శిక్షణ 15 రోజులు. లక్షల ఖరీదు చేసే యంత్రాన్ని తొలిసారి చేతికి తీసుకునే మహిళకు, ఆ 15 రోజులకు ముందే తెర మీద వేళ్లు తిరిగి ఉంటే భయం సగం తగ్గుతుంది.

ఇందుకు కోట్లు అక్కరలేదు. కళాశాలల్లో సాయంత్రం వేళ ఖాళీగా ఉండే కంప్యూటర్లున్నాయి. ఒకటి రెండు రిమోట్లు కొని, వారానికి రెండు రోజులు పాఠశాలల పిల్లలకూ, పల్లెల నుంచి వచ్చే యువతీ యువకులకూ వాటిని అందుబాటులో ఉంచితే చాలు. తెర మీద వందసార్లు కూల్చి నేర్చుకున్న చెయ్యి చేల మీద ఒక్కసారి కూడా కూల్చకుండా ఉండేందుకు ప్రయత్నిస్తుంది. విద్యాసంస్థలు ఈ దిశగా ఆలోచించడం అవసరం.