పుస్తకం వేద్దామనుకుంటున్నారా?

మా నాన్నగారు ముప్పై ఆరేళ్ళు పల్లెటూళ్ళలో బడిపంతులుగా పనిచేశారు. రిటైరయ్యాక మూడు లాంగ్‌నోటు పుస్తకాల నిండా తన జ్ఞాపకాలు రాసుకున్నారు. ఆయన పోయాక, మొదటి జ్ఞాపకార్థ కూడిక నాటికి వాటిని పుస్తకంగా తేవాలని అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం అనుకుని తలా కొంత వేసుకున్నాం.

ఎక్కువ వేస్తే కాపీ చవకగా పడుతుందంటే వెయ్యి కాపీలు వేయించాం. కాగితం కలిసివస్తుందని అక్షరాలు చిన్నవి చేయించాం. 96 పేజీల్లో ముగిసింది. ప్రూఫు ఒక్కసారే, అదీ రాత్రి పది దాటాక, తలా కొన్ని పేజీలు పంచుకుని చూశాం. కూడిక రోజున మొదటి కాపీ అమ్మ చేతిలో పెట్టాం. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, పుస్తకాన్ని దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరగా పెట్టి చూసింది. “బాగుందిరా, ఎవరైనా చదివి వినిపించండి” అంది. ఎవరికోసం వేశామో ఆమే చదవలేకపోయింది. మిగిలిన ఏడు వందల కాపీలు మంచం కింద చెదల పాలయ్యాయి.

మన సంఘాలలో ఎందరో పెద్దలు తమ సాక్ష్యాలు, పాటలు, ఊరి మందిరం చరిత్ర సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవాలనుకుంటారు. మేము చేసిన పొరపాట్లు వారు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చదివేవారి కళ్ళను బట్టి అక్షరం

ముందు చదివేవారెవరో అనుకోండి. పెద్దవాళ్ళు చదివే పుస్తకానికి తెలుగు అక్షరం 14 పాయింట్లకు తగ్గకపోవడం మంచిది. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. అందుకని వరుసకూ వరుసకూ మధ్య తగినంత ఖాళీ ఇవ్వాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకి చూపు తడబడుతుంది. కుట్టు వైపు అంచు, బయటి అంచు కన్నా ఎక్కువ వదలాలి. చాలకపోతే మాటలు బైండింగులోకి పోతాయి.

సాధారణంగా మన పుస్తకాలు డెమీ 1/8 సైజులో, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తుతో వస్తాయి. ఈ సైజులో ఒక ఫారానికి 16 పేజీలు. మొత్తం పేజీలు 16 చొప్పున సరిపోయేలా చూసుకుంటే చివర తెల్లకాగితాలు మిగలవు. లోపలికి 70 జి.ఎస్.ఎం. మ్యాప్‌లిథో కాగితం, అట్టకు ఆర్టుకార్డు చాలు. పలుచని కాగితమైతే వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి.

కాపీలు తక్కువ, ప్రూఫులు ఎక్కువ

ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే ఎక్కువ వేస్తే ఒక్కో కాపీ చవక. అయితే అమ్ముడుపోని కాపీ ఎంత చవకైనా దండుగే. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో యాభై, వంద కాపీలు కూడా వేస్తారు. ముందు అవి పంచండి. అడిగేవారుంటే మళ్ళీ వేయించవచ్చు.

ప్రూఫు మూడుసార్లయినా చూడాలి. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు సరిచూడాలి. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, తేదీలు విడిగా చూడాలి. పాత ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడులోకి మార్చినప్పుడు ఒత్తులు చెదరవచ్చు గనుక మొదటి నుండి మళ్ళీ చదవాలి.

ప్రెస్సుతో మాట కాగితం మీద ఉండాలి. పేజీలు, కాగితం, అట్ట, బైండింగు, కాపీలు, మొత్తం ధర, ఇచ్చే తేదీ రాయించుకోండి. కంపోజు చేసిన ఫైలు మీకివ్వాలని ముందే చెప్పండి. మేము అడగలేదు. రెండోసారి పుస్తకమంతా మళ్ళీ టైపు చేయించాల్సి వచ్చింది.

హక్కులు, నంబరు

రచన మీద హక్కు రాసిన క్షణం నుండే రచయితది. రిజిస్టరు చేయకపోయినా అది పోదు. ఆయన జీవితకాలమూ, మరణం తరువాత 60 ఏళ్ళూ ఉంటుంది. కనుక పాటల పుస్తకం వేసే సంఘాలు ఈ కాలపు రచయితల పాటలకు అనుమతి తీసుకోవాలి. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మను అట్టకు వాడేముందు కూడా అంతే.

ఐ.ఎస్.బి.ఎన్. అనే 13 అంకెల నంబరును న్యూఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి రుసుము ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పుస్తకం వెలువడిన 30 రోజులలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ఊరి పుస్తకానికి ఇదెందుకు అనుకోవద్దు. మన ఇంట చెదలు తిన్నా, అక్కడ ఒక ప్రతి మిగులుతుంది.

నాలుగేళ్ళ తరువాత నాన్నగారి పుస్తకం మళ్ళీ వేశాం. 14 పాయింట్ల అక్షరాలు, 160 పేజీలు, వంద కాపీలు. ఈసారి మూడో ప్రూఫు అమ్మకే ఇచ్చాం. వారం రోజులు అరుగు మీద కూర్చుని, ఒక్కో మాటా పైకి కూడబలుక్కుంటూ చదివింది. మేమంతా చూసీ పట్టుకోని తప్పును ఆమె పట్టుకుంది. మా పెద్దమేనత్త పేరు మొదటి పుస్తకంలోనూ, రెండు ప్రూఫుల్లోనూ తప్పుగానే ఉంది. పెన్సిలుతో దాని కింద గీత గీసి, “ఇప్పుడు వేయండి” అంది.

మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టె అడుగున అలాంటి నోటుపుస్తకం ఉండవచ్చు. తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి. దాన్ని చదవాల్సిన కళ్ళు మీ ఇంట ఉండగానే పని మొదలుపెట్టండి.