తెరచాప నౌకలో డీజిల్ ఇంజన్, అనుబంధ వ్యవస్థలు: నిర్వహణ, మరమ్మతు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెరచాప నౌక గాలితో నడిచేదే అయినా, దూరప్రయాణంలో డీజిల్ ఇంజన్, విద్యుత్తు, చుక్కాని, మంచినీరు వంటి వ్యవస్థల మీద ఆధారపడుతుంది. రహదారి మీద వాహనం చెడితే మెకానిక్ వస్తాడు. సముద్రం మధ్యలో నావికుడే మెకానిక్. ఈ తేడా వల్ల నిర్వహణ పద్ధతి ఎలా మారుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెరచాప నౌక, డీజిల్ ఇంజన్, తారిణి, ఇంధన మార్గం, చుక్కాని, వృత్తిభాష.

1. ఉపోద్ఘాతం:

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళానికి చెందిన 'తారిణి' అనే తెరచాప నౌక భూప్రదక్షిణకు బయలుదేరింది. నౌకను నడిపినవారు ఆరుగురు మహిళా అధికారులు. వారిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. గోవాలోనే నిర్మించిన ఈ నౌక పొడవు సుమారు 55 అడుగులు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులను తాకుతూ సాగిన ఈ యాత్ర 2018 మే 21న ముగిసింది. కేప్‌టౌన్ దాటిన తరువాత చుక్కాని యంత్రాంగంలో లోపం ఏర్పడి, ముందు అనుకోని మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ రేవుకు నౌకను మళ్ళించవలసి వచ్చింది. గాలి ఉంది, తెరచాపలు ఉన్నాయి, నైపుణ్యం ఉంది. అయినా ఒక యంత్రభాగం దారిని మార్చింది. నౌకాయానమంటే గాలిని లొంగదీసుకోవడమే కాదని, యంత్రాలను కనిపెట్టుకొని ఉండటం కూడా అని ఈ సంఘటన తెలియజేస్తుంది.

2. రహదారి ఇంజన్, సముద్రపు ఇంజన్:

హైదరాబాదు తూర్పుభాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా విజయవాడ వైపు వెళ్ళే రహదారి డీజిల్ ఇంజన్ల దారి. ఆర్టీసీ బస్సులు, లారీలు రాత్రింబవళ్ళు ఈ మార్గాన సాగుతాయి. ఇదే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం దగ్గర సముద్రతీరాన్ని చేరుతుంది. అక్కడి మరపడవలను నడిపేది కూడా డీజిల్ ఇంజనే. సూత్రం రెండుచోట్లా ఒక్కటే. సిలిండర్‌లో గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతుంది; ఆ వేడిగాలిలోకి సన్నని తుంపరగా పడిన డీజిల్ నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. కాబట్టి ఈ ఇంజన్‌కు కావలసినవి మూడు: శుభ్రమైన ఇంధనం, తగినంత గాలి, సరైన ఒత్తిడి.

తేడా పరిసరాలలో ఉంది. ఎల్.బి.నగర్ కూడలిలో బస్సు ఆగిపోతే ప్రయాణికులు మరో బస్సు ఎక్కుతారు; డిపో నుంచి విడిభాగం వస్తుంది. నడిసముద్రంలో ఆ అవకాశం లేదు. బస్సు రేడియేటర్ గాలికి చల్లబడుతుంది. నౌక ఇంజన్ ఉప్పునీటితో చల్లబడుతుంది. బస్సు రోజూ నడుస్తుంది. తెరచాప నౌక ఇంజన్ రోజుల తరబడి ఊరకే ఉండి, గాలి పడిపోయినప్పుడో, రేవులోకి ప్రవేశించేటప్పుడో, బ్యాటరీలను నింపవలసినప్పుడో ఒక్కసారిగా పనిచేయాలి. యంత్రానికి అతివాడకం కన్నా తడిలో విశ్రాంతి ఎక్కువ చేటు.

3. ఇంధన మార్గం:

ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా డీజిల్ ఒక వరుసలో ప్రయాణిస్తుంది: ట్యాంకు, నీటిని వేరుచేసే మొదటి ఫిల్టర్, లిఫ్ట్ పంపు, రెండవ ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ గోడలమీద చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువైనది కనుక అడుగున నిలుస్తుంది. ఆ రెండింటి సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి జిగురుమడ్డి తయారవుతుంది. సముద్రం ప్రశాంతంగా ఉన్నంతకాలం అది అడుగునే ఉంటుంది. తుఫానులో నౌక ఊగినప్పుడు పైకి లేచి ఫిల్టర్‌ను మూసివేస్తుంది. ఇంజన్ అవసరం అత్యధికంగా ఉన్న గడియలోనే అది ఆగిపోవడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. అందుకే రేవులో ఉన్నప్పుడు ట్యాంకును నిండుగా ఉంచడం, ఫిల్టర్ అడుగున చేరిన నీటిని తరచుగా వదలడం మొదటి జాగ్రత్తలు.

ఫిల్టర్ మార్చినప్పుడు గొట్టంలోకి గాలి చొరబడుతుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి ఇంజెక్టర్ తెరుచుకొనేంత ఒత్తిడి ఏర్పడదు. దీనినే మెకానిక్‌లు 'గాలి పట్టింది', 'ఎయిర్ లాక్ అయింది' అంటారు. నివారణ కూడా వరుసలోనే జరగాలి. ట్యాంకుకు దగ్గరగా ఉన్న మరను వదులుచేసి, చేతిపంపును నొక్కుతూ, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు ఆగి, బిగించి, ఆ తరువాతి మర దగ్గరకు వెళ్ళాలి. వరుస తప్పితే వెనుక మిగిలిన గాలి మళ్ళీ ముందుకు వస్తుంది.

4. చల్లబరిచే నీరు, కందెన నూనె, పొగ:

నౌక అడుగున ఉన్న కవాటం ద్వారా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. జల్లెడ దాటి, రబ్బరు రెక్కల పంపు సాయంతో ఉష్ణమార్పిడి యంత్రంలోకి వెళ్ళి, ఇంజన్ చుట్టూ తిరిగే మంచినీటి వేడిని గ్రహించి, చివరకు పొగగొట్టం ద్వారా బయటపడుతుంది. ఇంజన్ ఆడించగానే పొగతోపాటు నీరు వస్తున్నదా అని చూడటం నావికుని తొలి అలవాటు కావాలి. రాకపోతే కవాటం, జల్లెడ, రబ్బరు రెక్కలు అనే వరుసలో పరీక్షించాలి. రెక్క విరిగితే కొత్తది వేయడంతో పని పూర్తికాదు. విరిగిన ముక్కలను వెతికి తీయకపోతే అవి ముందున్న సన్నని గొట్టాలను మూస్తాయి.

ఉప్పునీటిలో భిన్నలోహాలు కలిసి ఉన్నప్పుడు ఒకటి తొందరగా తినివేయబడుతుంది. అందుకు బలిగా జింకు ముక్కను అమరుస్తారు. అది కరుగుతూ మిగిలిన లోహాన్ని కాపాడుతుంది. సగం కరగగానే మార్చాలి.

కందెన నూనె పాలు కలిసిన టీ రంగుకు మారితే అందులో నీరు చేరిందని అర్థం. పొగ రంగు కూడా వ్యాధిలక్షణం వంటిదే. నల్లపొగ గాలి చాలకపోవడాన్ని, అధికభారాన్ని సూచిస్తుంది. నీలిపొగ కందెన నూనె మండటాన్ని, తెల్లపొగ మండని డీజిల్‌ను లేదా నీటి ఆవిరిని సూచిస్తాయి.

5. విద్యుత్తు, చుక్కాని, మంచినీరు:

ఇంజన్ ఆడించే బ్యాటరీని, దీపాలకూ దిక్సూచి పరికరాలకూ వాడే బ్యాటరీలను వేరుగా ఉంచాలి. లేకపోతే రాత్రంతా వెలిగిన దీపాలు ఉదయం ఇంజన్‌ను ఆడనివ్వవు. పాతతరం ఇంజన్ ఒకసారి ఆడితే విద్యుత్తు లేకపోయినా నడుస్తుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న కొత్త ఇంజన్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ఇంధన పొదుపు పెరిగిన చోట, నడిసముద్రంలో చేత్తో బాగుచేసుకొనే వీలు తగ్గింది.

చుక్కానికి ప్రత్యామ్నాయంగా అత్యవసర పిడిని సిద్ధంగా ఉంచి, దానిని బిగించడం ప్రశాంత సముద్రంలోనే సాధన చేయాలి. ప్రతి కవాటం పక్కన దానికి సరిపోయే కొయ్య బిరడాను తాడుతో కట్టి ఉంచడం పాత పద్ధతే అయినా నేటికీ దానికి సాటి లేదు. గొట్టం తెగితే ఆ బిరడాయే నౌకను నిలుపుతుంది. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం చెడిపోవచ్చు కనుక నిల్వనీటిని విడిగా దాచుకోవాలి.

6. నేర్చుకొనే చోటు, చెప్పుకొనే భాష:

హైదరాబాదులో తెరచాప విద్యకు హుస్సేన్‌సాగర్ నిలయం. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్‌లు అక్కడే ఉన్నాయి. ఆ సరస్సులో పోటీలకు వాడే లేజర్ పడవలకు ఇంజన్ ఉండదు. అంటే గాలిని చదవడం సరస్సులో నేర్చుకోవచ్చు కానీ ఇంజన్‌ను చదవడం మరొకచోట నేర్చుకోవాలి. అందుకు కావలసిన పునాది దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దారిలో బస్సుల కింద, లారీల కింద పడుకొని పనిచేసేవారి దగ్గర ఉంది. గాలి తీయడం, నాజిల్ చూడటం, పొగ రంగును బట్టి లోపం చెప్పడం వారికి నిత్యకృత్యం.

వారి భాష మిశ్రమభాష. పంపు, నాజిల్, ఫిల్టర్ ఇంగ్లీషు నుంచి వచ్చినవి. పట్టింది, తీయాలి, ఆడటం లేదు అనే క్రియలు తెలుగువి. వస్తువు పేరు అరువుదైనా లోపాన్ని గుర్తించే ఆలోచన తెలుగు క్రియలోనే సాగుతున్నది. ఇంజన్ 'పట్టేసింది' అనే మాటకూ, ఇంజన్‌కు 'గాలి పట్టింది' అనే మాటకూ మధ్య తేడా తెలిసినవాడికి మరమ్మతు సగం తెలిసినట్టే. మొదటిదానిలో పిస్టన్ కదలదు. రెండవదానిలో పిస్టన్ కదులుతుంది కానీ డీజిల్ అందదు. నాజిల్‌కు సంస్కృత సమాసం కల్పించడం కన్నా ఇటువంటి క్రియలను, వాటి వెనుకనున్న పనివరుసను నమోదుచేయడం వృత్తిపదకోశ పరిశోధకులకు ఉపయుక్తమైన పని.

7. ముగింపు:

• తెరచాప నౌకలో మరమ్మతు కన్నా ముందుచూపు ముఖ్యం. చెడిన తరువాత దొరికే సాయం ఎంత దూరంలో ఉంటే, చెడకముందు చేసే పరీక్ష అంత దగ్గరగా ఉండాలి.

• ఇంధనం, నీరు, విద్యుత్తు ప్రతి ఒక్కటీ ఒక వరుసలో ప్రవహిస్తాయి. లోపాన్ని వెతకడమంటే ఆ వరుసను మొదటి నుంచి నడిచిరావడమే.

• ఈ జ్ఞానం తెలుగునేలకు కొత్తది కాదు. అది రహదారి పక్కన, మరపడవల రేవులలో వాడుకలో ఉంది. గ్రంథస్థం కావలసి ఉంది.

తారిణి యాత్రలో ఇద్దరు తెలుగు మహిళలు భూగోళాన్ని చుట్టివచ్చారు. అటువంటి యాత్రకు రేపు బయలుదేరే వారికి ఇంజన్ గురించిన తొలి పాఠం తమ భాషలోనే అందితే, నడిసముద్రంలో చీకట్లో మర విప్పే చేతికి తడబాటు తగ్గుతుంది.