గడ్డపుతొండ పిల్ల

ఆవును, చిలుకను, గోరువంకను పెంచిన యిండ్లు మన సోదరీమణులకు క్రొత్త కావు. తొండను పెంచిన యిల్లు మాత్రము మేము విని యెరుగము. అట్టి మాకే ఆ పని తటస్థించినది. మావారు కొన్నేండ్లుగా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున నొక పాఠశాలలో గణితము బోధించుచున్నారు. ఎనిమిదేండ్ల మా చిన్నవాడు తన స్నేహితుని యింట చూచిన బేర్డెడ్ డ్రాగన్ అను జంతువు తనకును కావలెనని యేడాదిపాటు మారాము చేసి, తుదకు 2024 ఏప్రిల్‌లో దాని పిల్ల నొకదానిని తెప్పించుకొనెను. అప్పటి కది జానెడైనను లేదు.

పేరున డ్రాగన్ అని యున్నను అది నిప్పులు గ్రక్కునది కాదు. మన కంచెలమీద తల యూపుచు కూర్చుండు తొండకు జ్ఞాతియే. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. కంఠము క్రింద ముండ్లవంటి పొలుసులుండును. భయమో కోపమో కలిగినపు డా భాగ ముబ్బి నల్లబడి గడ్డమువలె కనబడును గనుక మేము దీనిని గడ్డపుతొండ యని పిలుచుచున్నాము. ఆ ఖండపు తూర్పుభాగమున సముద్రమునకు దూరముగా నున్న మెట్టభూములు దీని పుట్టినిల్లు. అడవినుండి పట్టి తెచ్చుట నేరము. పెంపుడువాని సంతతినే కొనవలెను. విక్టోరియా రాష్ట్రమున నందుకును ప్రభుత్వపు అనుమతిపత్రము కావలెను. మావారు దానిని సంపాదించిన పిదపనే పిల్ల గడప దాటి లోనికి వచ్చినది.

మా యత్తగారు ఫోనులో ఈ సంగతి విని, "అమ్మాయీ, అది మీద పడితే ఫలమేమిటే?" అని యడిగిరి. బల్లిపాటు శాస్త్రమున దీని ప్రసక్తి లేదని మనవి చేసితిమి. అయినను తలస్నానము మానవద్దనిరి.

మాకు కలిగిన నిజమైన చిక్కు ఆహారము. మా యింట గ్రుడ్డు సహితము చేరదు. గడ్డపుతొండ పెరిగి పెద్దదైన పిదప ఆకులు, కాయలు ఎక్కువగా తినును గాని, పిల్లతనమున దాని మేతలో అధికభాగము పురుగులే. అవియును ప్రాణముతో కదలవలెను. ఆకుకూరతోనే పెంచరాదా యని అమ్మినవారిని అడిగితిమి. ఎముకలు ముదురు వయస్సున నట్లు చేసినచో అది బ్రతుకదని వారు స్పష్టముగా చెప్పిరి. శిబిచక్రవర్తి కథ చదివినపుడెల్ల పావురమును కాచిన రాజునే మెచ్చుకొంటిమి గాని, నా యాహారమును నీవేల హరించితివని డేగ యడిగిన ప్రశ్న ఆ రాత్రివరకు మా చెవి కెక్కలేదు. తెచ్చుకొనకుండుట మా చేతిలో నుండెను. తెచ్చిన పిదప పస్తుంచుట న్యాయము కాదు. ఉదయము, సాయంకాలము తండ్రీకొడుకులు మేత పెట్టుదురు. ఇద్దరును బడికి పోవుటచేత మధ్యాహ్నపు మేత మా పాలబడెను. మొదటి వారము ముఖము త్రిప్పుకొని పట్టకారుతో కీచురాళ్ళ నందించితిమి. రెండు జారిపోయి వంటయింట చేరి మూడు రాత్రులు కూసినవి.

పురుగు దాని రెండు కన్నుల నడిమి వెడల్పును మించరాదు. పెట్టుటకు ముందు కాల్షియము పొడిలో పొరలింపవలెను. ఆ పురుగులకును ముందుదినము మంచి ఆకులు మేపవలెను. వాని కడుపులోని సారమే దీనికి చేరును. తినక మిగిలినవానిని తీసివేయవలెను, లేనిచో రాత్రి అవియే పిల్లను కొరుకును. సన్నగా తరిగిన గుమ్మడి, బాక్‌చాయ్ ఆకు ప్రతిదినము ఉంచుదుము. పాలకూర మనకు మంచిదని దానికి నిత్యము పెట్టరాదు. అందలి ఆక్సలేటు కాల్షియమును ఒంటికి పట్టనీయదు. అవకాడో విషము.

ఇక మేము చేసిన తప్పు చెప్పవలెను. దీని రక్తమునకు స్వతః వేడి లేదు. గాజుపెట్టెలో నొక కొనను 38 మొదలు 42 డిగ్రీల వేడిగల రాయియు, రెండవ కొనను 25 డిగ్రీల చల్లదనమును ఉండవలెను, అది తనకు కావలసినచోటికి తానే జరుగును. వేడి దీపమును అమర్చితిమి. అతినీలలోహిత కిరణముల నిచ్చు గొట్టపు దీపము వేరొకటి కావలెనని పుస్తకమున చదివియు, వెల చూచి జంకితిమి. "ఎండ వచ్చు కిటికీ ప్రక్కన పెట్టుడు, చాలును" అని పరిచితు లొకరు చెప్పగా సంతోషించితిమి. జూలై మాసమున, అనగా అక్కడి నడిచలికాలమున, పిల్ల కీచురాయి వెంట పరుగెత్తుట మానెను. వెనుకకాళ్ళు వణకినవి. దవడ మెత్తబడెను. మావాడు పెట్టె ప్రక్కనే పండుకొని లేవనని భీష్మించెను.

సరీసృపముల నెరిగిన పశువైద్యురాలు ఎక్స్‌రే తీసి చూపినది. ఎముకలు నీడవలె పలుచగా నున్నవి. ఎండ కనబడినను, అందలి యూవీబీ కిరణములను కిటికీ గాజు అడ్డగించునట. ఆ కిరణములు చర్మమున పడినగాని డి విటమిను పుట్టదు, డి విటమిను లేనిదే తిన్న కాల్షియము ఎముకకు చేరదు. మేము పొరలించి పెట్టిన పొడి యంతయు వ్యర్థమైనది! ఆ సాయంకాలమే దీపము తెచ్చితిమి. దినమునకు 12 గంటలు వెలిగించి రాత్రి ఆర్పుదుము. వెలుగు తగ్గకున్నను కిరణములు తగ్గును గనుక తయారుచేసినవారు చెప్పిన గడువుకు, అనగా ఆరు మొదలు పండ్రెండు నెలలలో, మార్చవలెను. నోట చుక్కలుగా కాల్షియపు మందు పోసితిమి. రెండు నెలలకు తేరుకొన్నది. ఎడమ వెనుకకాలు మాత్రము నేటికిని కొంచెము వంకరయే; దానిని చూచినపుడెల్ల ఆ దీపపు వెల జ్ఞప్తికి వచ్చుచుండును.

వేడిని గూర్చి యొక వింత: గ్రుడ్లు 32 డిగ్రీలను మించిన వేడిలో నున్నచో, పుట్టుకచే మగది కావలసిన పిల్లయు ఆడదిగా వెలువడవచ్చునని ఆస్ట్రేలియా పరిశోధకులు కనుగొనిరి.

పెట్టె యడుగున ఇసుక పోయరాదు, మ్రింగినచో ప్రేగులలో అడ్డుపడును. మేము కాగితము పరచుచున్నాము. తోడు కావలెనని మావాడు రెండవదాని నడిగెను. ఒకే పెట్టెలో రెండున్నచో బలమైనది రెండవదాని వ్రేళ్ళు, తోక కొరుకును. బల్లికివలె దీనికి తోక మరల మొలవదు. ఒకదానిని చూచి యింకొకటి ముంగా లెత్తి మెల్లగా త్రిప్పును, అది లొంగితినని చెప్పు సంజ్ఞ. మావాడు దానిని చిత్రములో చూచి నమస్కార మనుకొనెను.

ముట్టుకొన్న ప్రతిమారు సబ్బుతో చేతులు కడుగవలెను. సాల్మొనెల్లా యను క్రిమి ఆరోగ్యముగానున్న తొండ యందును ఉండవచ్చును. దాని గిన్నెలను వంటయింట కడుగనీయము. అయిదేండ్లలోపు పిల్లలున్న యింట దీనిని పెట్టుకొనకుండుట మేలని మా యభిప్రాయము.

ఇపుడది మూరెడు దాటినది. గుమ్మడిముక్క నందించినచో తలయెత్తి చూచి మెల్లగా నడచి వచ్చును. మా యత్తగారు ఆదివారము ఫోను చేసి, మనుమని కుశల మడిగిన వెంటనే, "తొండ తిన్నదా?" అని యడుగుచున్నారు.