పిల్లికి మూత్రం బిగిస్తే

సైన్సు విద్యార్థి సావనీరులో మూత్రం గురించి రాశాడేమిటని మిత్రులు నవ్వుతారు. నవ్వితే నవ్వండి గాని చివరిదాకా చదవండి. ఈ సంగతి తెలియకే మా పల్నాటి పల్లెల్లో మూగజీవాలు పోతున్నాయి.

పిల్లికీ కుక్కకీ మనకున్నట్లే రెండు వృక్కాలు, వాటినుంచి దిగే రెండు మూత్రనాళాలు, ఒక మూత్రాశయం, బయటికి దారిగా ప్రసేకం. పరీక్షలో బొమ్మ గీయడానికి ఇంతే చాలు. విశేషమంతా పనితనంలో ఉంది. మనిషి వృక్కం ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటే, కుక్కకు 4 లక్షలు, పిల్లికి 2 లక్షలు. అయినా మూత్రాన్ని చిక్కబరచడంలో పిల్లిదే పైచేయి! దాని పూర్వీకులు ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లులు. వేటాడిన ఎలుక ఒంట్లో ఉన్న నీరే వాటికి ఆధారం. అందుకే మన ఇంటి పిల్లి ఈనాటికీ నీళ్లగిన్నె జోలికి అంతగా పోదు.

కుక్క పోసినచోట గడ్డి మాడటానికి కారణం రైతులకు తెలిసిన సరుకే, యూరియా. మిరపమొక్క మొదట్లో గుప్పెడు యూరియా వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

ఇక రాళ్ల సంగతి. సున్నపు బట్టీలకు పేరుబడ్డ పిడుగురాళ్ల ఉన్న ప్రాంతం కదా, "ఇక్కడి నీళ్లు తాగితే రాళ్లు రాక ఏం చేస్తాయి" అంటారు మావాళ్లు. అంత సూటి లెక్క కాదిది. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. పిల్లి, కుక్కల మూత్రాశయంలో ఎక్కువగా కనిపించేవి మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేటు, కాల్షియం ఆక్సలేటు రాళ్లు. కుక్కల్లో మొదటి రకానికి చాలాసార్లు మూత్రాశయంలో చేరిన సూక్ష్మజీవులే మూలం.

రాళ్లు ఆడవాటికీ వస్తాయి గాని అడ్డుపడి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా మగవాటికే. గండుపిల్లి ప్రసేకం చివర చాలా సన్నం. ఇసుకలాంటి పొడి, జిగురు చేరినా మూసుకుపోతుంది. మగకుక్క అంగంలో ఒక ఎముక ఉంటుంది. ప్రసేకం దాని గాడిలోంచి పోవాలి. రాయి ఆ ఎముక వెనక ఇరుక్కుంటుంది.

అప్పుడు పిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, అక్కడే నాక్కుంటుంది. చూసినవాళ్లు మలబద్ధకమనుకుని ఆముదం పోస్తారు! ఈలోగా బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. పూర్తిగా మూసుకుపోతే రెండు మూడు రోజులకు మించి గడువుండదు. పొట్ట నొక్కి పోయించాలని చూడటం ఇంకా ప్రమాదం, మూత్రాశయం పగలవచ్చు. డాక్టరుగారు మత్తిచ్చి సన్నటి గొట్టంతో దారి తెరవాల్సిందే.

పిల్లితో నాకేం పని అనే రైతుసోదరుడు తన ఎద్దును తలచుకోవాలి. ఎద్దు ప్రసేకం మధ్యలో పాములా మెలిక తిరిగి ఉంటుంది. చిన్నతనంలోనే విత్తులు కొట్టిస్తే ఆ దారి సరిగా వెడల్పు కాదు. పైగా పత్తిచెక్క, తవుడు మోతాదు మించితే భాస్వరం ఎక్కువై రాళ్లు కడతాయి. మూత్రాశయం పగిలినప్పుడు నొప్పి తగ్గి ఎద్దు కాస్త తేరుకున్నట్లు కనబడుతుంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందని సంతోషిస్తారు. మూత్రమంతా కడుపులో నిండుతోందని తెలిసేసరికి పొట్ట కుండలా ఉబ్బి ఉంటుంది. మూత్రం ఆగిన పూటే పశువైద్యశాలకు తోలుకుపోవాలి. తోలలేకపోతే 1962కు ఫోన్ చేయాలి. మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు 2022లో వచ్చాయి.