రక్తం చెప్పే సాక్ష్యం

2020 మే, జూన్ నెలల్లో మన విశాఖకు పొరుగునున్న విజయనగరం జిల్లాలో ఆరోగ్య సిబ్బంది కొన్ని ఊళ్ళకు వెళ్ళి, అక్కడి పెద్దవాళ్ళ నుంచి కాస్త రక్తం తీసుకున్నారు. మంచాన పడ్డవారి నుంచే కాదు, హాయిగా తిరుగుతున్నవారి నుంచి కూడా! భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 70 జిల్లాల్లో జరిపిన సర్వే అది. మన రాష్ట్రం నుంచి విజయనగరం, కృష్ణా, నెల్లూరు జిల్లాలను ఎంచుకున్నారు. వారు వెదికింది కరోనా వైరసును కాదు, అది వచ్చి వెళ్ళిన జాడను. ఆ జాడే ప్రతిదేహం, అంటే యాంటీబాడీ.

ప్రతిదేహం ఒక ప్రోటీను. ఇంగ్లీషు అక్షరం 'వై' ఆకారంలో ఉంటుంది. దాని రెండు చేతుల కొసలు వైరసు ప్రోటీనులో తమకు సరిపడే చోటనే అతుక్కుంటాయి. వీటిలో రకాలున్నాయి. ఐ.జి.ఎం. అంటే అయిదు 'వై'ల జట్టు, మొత్తం పది చేతులు. ఒక్కో చేతి పట్టు అంత గట్టిది కాకపోయినా, చాలా చేతులు కలిసి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలవు. ఐ.జి.జి. ఒంటరిదే గాని, వారాలు గడిచేకొద్దీ దాని పట్టు పదునెక్కుతుంది. ముక్కు, గొంతుల జిగురు పొరల్లో కాపలా కాసేది ఎక్కువగా ఐ.జి.ఎ. చాలా జబ్బుల్లో ముందు 'ఎం', తరువాత 'జి' వస్తాయి. కరోనా సోకిన చాలామందిలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకేసారి, రెండో వారం ప్రాంతంలో కనిపించాయి.

అసలు సంగతి, ఇవి దేన్ని పట్టుకుంటాయన్నది. మన ఓడరేవులో క్రేను కొక్కేన్ని చూసే ఉంటారు. దానికి గోనెపట్టా గట్టిగా చుట్టేస్తే సరుకును అందుకోగలదా? వైరసు పైన పొడుచుకొని ఉండే స్పైక్ ప్రోటీను అలాంటి కొక్కెం. దాని కొస మన కణం మీది ఏ.సి.ఇ.-2 అనే ప్రోటీనుకు తగులుకుంటుంది. ఆ కొసను ప్రతిదేహం కప్పేస్తే వైరసు లోపలికి పోలేదు.

వైరసు లోపల ఎన్ ప్రోటీను అనేది మరొకటుంది. అది ఆర్.ఎన్.ఎ. పోగును చుట్టి ఉంచుతుంది. జబ్బు చేసినప్పుడు కణాలు పగిలి ఇది బయటపడుతుంది గనుక దీనికీ ప్రతిదేహాలు పుడతాయి, అదీ దండిగా. కాని పై పొర చెక్కుచెదరని వైరసులో అవి దీన్ని అందుకోలేవు. కాబట్టి వైరసు కణంలోకి చొరబడకుండా ఆపడం వీటి పని కాదు. మరెందుకు పనికొస్తాయి? సాక్ష్యానికి!

మొదటి సర్వేలో పూనా జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన పరీక్ష వాడారు. అందులో ఎర చంపిన వైరసు మొత్తం. ప్రతిదేహం ఏ భాగాన్ని పట్టుకుందో అది చెప్పదు. అప్పుడు దేశంలో ప్రతిదేహాలున్న పెద్దలు 0.73 శాతమని లెక్కకొచ్చింది. 2021 జూన్, జూలైలలో జరిగిన నాలుగో సర్వేలో స్పైక్‌ను, ఎన్‌ను విడివిడిగా చూశారు. ఈసారి 67.6 శాతం! 10–17 ఏళ్ళ పిల్లల్లోనే 61.6 శాతం. అప్పటికి పిల్లలకు టీకాలు మొదలు కాలేదు. అంటే తెలిసో తెలియకో వైరసు వారిని తాకి వెళ్ళిందన్నమాట.

పెద్దల సంగతి ఇంత సులువు కాదు. కోవిషీల్డ్ టీకా స్పైక్‌ను మాత్రమే చూపిస్తుంది. అది వేసుకున్నవారిలో ఎన్ ప్రతిదేహాలుంటే వైరసు సోకిందనే అర్థం. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరసు మొత్తం. అందువల్ల టీకాతోనే ఎన్ ప్రతిదేహాలు రావచ్చు. అక్కడ ఈ సాక్ష్యం చెల్లదు.

ఆ రోజుల్లో పరీక్ష కాగితం చూసుకొని "ఇక నాకేం కాదు" అని మాస్కు తీసేసినవారున్నారు. ఆ కాగితం మీద ఉన్నది ఎన్ ప్రతిదేహాల సంగతైతే, కొక్కేనికి గోనెపట్టా ఉందో లేదో అది చెప్పనే లేదు. స్పైక్ ప్రతిదేహాలదైనా ధీమా పడడానికి లేదు. 2021 నవంబరులో బయటపడ్డ ఒమిక్రాన్ వైరసు స్పైక్‌లో 30కి పైగా మార్పులున్నాయి. పాత ప్రతిదేహాల్లో చాలా వాటికి ఆ కొత్త కొక్కెం మీద పట్టు దొరకలేదు.