త్రాగుడు - విషాదము

త్రాగుడుకు లోబడినవాడు 'ఇక బ్రతికి ఫలమేమి?' అన్నప్పుడు, 'మత్తులో అనుచున్నాడు, తెల్లవారిన మరచును' అని ఇంటివారు త్రోసివేయుట వాడుక. ఇది ప్రమాదకరమైన పొరపాటు. మద్యము మనస్సును క్రుంగదీయును, వివేకపు పగ్గములను సడలించును. ఈ రెండును కలిసిన గడియలే భయంకరములు.

త్రాగుడువలన విషాదము పుట్టినదా, విషాదమువలన త్రాగుడు పుట్టినదా? రెండును కలవు. 1988లో బ్రౌన్, షుకిట్ అను అమెరికా పరిశోధకులు చికిత్సకు చేరిన 191 మంది పురుషులను పరీక్షించిరి. మొదట నూటికి 42 మందిలో తీవ్రవిషాదము కనబడెను. మద్యము ముట్టక నాలుగు వారములు గడచునప్పటికి అట్టివారు నూటికి ఆరుగురే మిగిలిరి. ఈ లెక్క రోగికి తప్పక చెప్పదగినది. శాశ్వతమని అతనికి తోచు చీకటిలో చాలభాగము మద్యము కమ్మించినదే. అప్పటికిని తగ్గనిచో విషాదమునకు వేరుగా చికిత్స కావలెను.

ఆ వారములు గడపుటయే కష్టము. బహుకాలము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రాంతి కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. కనుక వైద్యుని కనిపెట్టులోనే మానవలెను. ఒట్టు పెట్టించి గదిలో గడియ వేయుట చికిత్స కాదు. ఆలు పుట్టింటికి పోయినప్పుడు, కొలువు పోయినప్పుడు అతనిని ఒంటరిగా విడువరాదు. 'చావవలెనని తోచుచున్నదా?' అని సూటిగా అడుగవచ్చును. అడిగినంతమాత్రమున ఆ తలపు పుట్టదు.

కేసు భయమున దాచువారు కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 115వ విభాగమున, అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నవాడనియే భావించి, శిక్షింపరాదనుచున్నది. 2022లో ఏర్పడిన టెలీమానస్ వారికి 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడుదురు.